పెద్దమ్మ ఊరు, పులికాట్ దారి

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. ఈసారి దసరా అక్టోబరు మూడో వారంలో వచ్చింది, నాకు ఐదు రోజులు సెలవు దొరికింది. కారులో నేను, నా భార్య, పదేళ్ల పాప, డెబ్బై రెండేళ్ల మా అమ్మ బయల్దేరుతున్నాం. పాపకి ఏడాదిగా పక్షుల పిచ్చి. పులికాట్‌లో ఫ్లెమింగోల వీడియో చూసినప్పటి నుంచి "గులాబీ పక్షుల దగ్గరికి ఎప్పుడు?" అని ప్రాణం తీస్తోంది. అమ్మకేమో నాయుడుపేటలో ఉన్న మా పెద్దమ్మను చూడాలని ఆరాటం. పెద్దమ్మకి నిరుడు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, ఇప్పుడు పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది. కైకలూరు దగ్గర మా మావయ్య ఉన్నాడు, ఆయన్నీ చూడాలి. అత్తగారిల్లు గుంటూరు. పోయినసారి ఒక పూట ఉండి వచ్చేశామని ఇప్పటికీ దెప్పుతారు. దారిలో పక్షులు చేరే ఆటపాక, ఉప్పలపాడు, నేలపట్టు, పులికాట్ నాలుగూ చూసేలా గంటలతో సహా ప్లాను వేశాను. అది చూసి మా ఆవిడ "మనం చుట్టాలింటికి పోతున్నామా, పిట్టల వెంట పోతున్నామా?" అంది. ఏది వదులుకోమంటారు? (పేరు రాయవద్దని కోరారు)

సమాధానం:

కైకలూరు వదిలేయండి. మావయ్యను కాదు, ఊరిని.

ఎందుకో చెప్తాను. మీ ప్లానులో కిలోమీటర్లు కూడి చూశాను. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 275. అక్కడి నుంచి గుడివాడ మీదుగా కైకలూరు ఇంకో డెబ్బై పైన. మళ్లీ అంతా వెనక్కొచ్చి గుంటూరు. గుంటూరు నుంచి నాయుడుపేట మూడు వందల దాకా. అక్కడ చుట్టుపక్కల తిరుగుడు, ఆపైన ఇంటికి ఐదు వందల చిల్లర. పద్నాలుగు వందలు దాటుతోంది. మీ కారు తట్టుకుంటుందేమో గానీ అమ్మ మోకాళ్లు తట్టుకోవు. పైగా ప్రతి ఇంట్లోనూ గుమ్మంలో కాలు పెట్టిన గంటకే మీరు గడియారం చూసుకుంటూ ఉంటారు. పోయినసారి మీ అత్తగారిని నొప్పించింది ఉన్న గంటలు తక్కువవడం కంటే ఆ చూపేనేమో, ఒకసారి ఆలోచించండి.

ఇప్పుడు మావయ్య సంగతి. మీ కారులో నలుగురే ఉన్నారు, ఐదో సీటు ఖాళీ. కైకలూరు రైలు మార్గంలోనే ఉంది. ఆయన్ను రైలెక్కి మీరొచ్చే రోజుకు గుంటూరు చేరమనండి. అక్కడి నుంచి మీతో పాటు నాయుడుపేట తీసుకెళ్లండి. మీరు రాసిన ఉత్తరంలో అమ్మ పెద్దమ్మను చూడాలి, మీరు మావయ్యను చూడాలి అని విడివిడిగా ఉంది. ఆ ముగ్గురూ ఒక తల్లి పిల్లలన్న మాట మీకు తట్టినట్టు లేదు. ముగ్గురూ కలిసి ఒక గదిలో కూర్చుని ఎన్నాళ్లయిందో అమ్మనడగండి. పెళ్లిళ్లలో, కర్మకాండల్లో కలవడం లెక్కలోకి రాదు, అక్కడ మాట్లాడుకోవడానికి ఎవరికీ తీరిక ఉండదు.

కైకలూరు పక్కనే, కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాక ఎక్కడికీ పోదు. సంక్రాంతికి మావయ్య ఇంటికే నేరుగా వెళ్లండి. అప్పటికి కొల్లేరులో గూడబాతుల (పెలికాన్ల) పిల్లలు ఎదిగి ఉంటాయి, అటవీశాఖ వాళ్లు నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీది గూళ్లు కూడా పాప చూస్తుంది. కొల్లేరు కథ మాత్రం ఈసారే కారులో మావయ్య చేత చెప్పించండి. సరస్సులో చేపల చెరువులు తవ్వడం, 1999లో అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకెక్కడం, 2006లో ఆ చెరువుల గట్లు తెగ్గొట్టించడం, అన్నీ ఆయన కళ్ల ముందు జరిగినవే. గుంటూరు నుంచి ఒంగోలు దాకా కాలక్షేపానికి ఢోకా లేదు.

ఇక ఫ్లెమింగోలు. ఇక్కడ మీకు కొంచెం చేదు మాట చెప్పాలి. అక్టోబరు మూడో వారానికి పులికాట్‌లో ఫ్లెమింగోలు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, ఉన్నా దూరాన తెల్లటి గీతలా ఉండొచ్చు. అవి మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ, తల తలకిందులు చేసి ముక్కుతో బురదనీళ్లు వడగట్టి తింటాయి. అందుకే నీళ్లు పలచబడ్డ చోటే దిగుతాయి. ఆ తీరంలో అసలు వానలు మొదలయ్యేదే అక్టోబరులో, ఈశాన్య రుతుపవనంతో. సరస్సు నిండితే వాటికి కాలు మోపే చోటు తగ్గుతుంది. వానలు వెనకపట్టి నీళ్లు తీసే కొద్దీ గుంపులు రోడ్డు దగ్గరికి జరుగుతాయి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ మామూలుగా జనవరి ప్రాంతాల్లో పెట్టేది ఊరికే కాదు. మీ పాప చూసిన వీడియో కూడా ఆ రోజుల్లో తీసిందే అయి ఉంటుంది.

ఈ సంగతి పాపకి ఇంట్లోనే, బయల్దేరక ముందే చెప్పండి. రోడ్డు మీద చెప్పకండి. నేను చేసిన తప్పు అదే. కొన్నేళ్ల కిందట మా అన్నయ్య కొడుకుని ఇలాగే దసరా సెలవుల్లో ఊరించి తీసుకెళ్లాను. ఉదయం ఆరింటికి బయల్దేరాల్సినవాళ్లం. చుట్టాలింట్లో "ఇడ్లీ దించుతున్నా, రెండు తిని వెళ్లండి" అన్నారు, తిన్నాం. "పిల్లాడికి ఒక్క దోసె" అన్నారు. ఆ ఒక్క దోసెకి చట్నీ లేదని మళ్లీ రోలు దగ్గర కూర్చున్నారు. పులికాట్ చేరేసరికి పదకొండు. ఎండకి నీళ్ల మీద గాలి మరుగుతోంది, బైనాక్యులర్స్‌లో అంతా ఆవిరి పట్టిన అద్దంలా ఉంది. దూరంగా ఏవో తెల్లటివి. కొంగలా, సంచులా అని ఇద్దరం వాదించుకున్నాం. సంచులే. వాడు తిరుగు దారంతా నాతో మాట్లాడలేదు. ఇప్పుడు వాడు ఇంజినీరింగు చదువుతున్నాడు, పక్షుల మాటెత్తితే ఇప్పటికీ "సంచులు చూద్దామా?" అంటాడు.

కాబట్టి పాపకి ఇలా చెప్పండి: "గులాబీ పక్షులు ఈసారి కనిపిస్తే అదృష్టం. కనిపించకపోతే జనవరిలో మళ్లీ వస్తాం. ఈసారి చూడబోయేది వేరే." ఆ వేరేదేమిటో మీకు తెలిసి ఉండాలి కదా, అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

మన పత్రికల్లో ఏటా ఈ రోజుల్లో "సైబీరియా నుంచి విదేశీ అతిథులు" అని ఫొటో వేస్తారు. ఫొటోలో ఉండేది గూడబాతో ఎర్రకాళ్ల కొంగో (పెయింటెడ్ స్టార్క్). రెండూ సైబీరియా మొహం చూసినవి కావు. మన ప్రాంతంలో గూళ్లు కట్టే గూడబాతు ఈ దేశపు పక్షే, శ్రీలంకలోనూ ఉంటుంది. నీళ్లు, చేపలు ఎక్కడ దొరికితే అక్కడికి మారుతూ, గూడు కట్టే వేళకి అచ్చొచ్చిన చెరువుకి చేరుతుంది. ఎర్రకాళ్ల కొంగదీ అదే తంతు. అనంతపురం వైపు వీరాపురంలో వాటిని ఏళ్ల తరబడి "సైబీరియన్ కొంగలు" అనే రాశారు. అసలు సైబీరియా కొంగ చలికాలానికి మన దేశానికి చివరిసారిగా వచ్చింది 2002లో, రాజస్థాన్ భరత్‌పూర్‌కి. ఆ తర్వాత రాలేదు. ఫ్లెమింగోలకి కూడా మన దేశంలో పేరుమోసిన పుట్టిల్లు కచ్ రణ్.

అంటే నేలపట్టులో మీరు చూడబోయే పెద్ద పక్షులు అతిథులు కావు. కాన్పుకి పుట్టింటికొచ్చే ఆడపడుచులు. పల్లెల్లో ఈ మాట నేను ఎన్నో చోట్ల విన్నాను. అవి వచ్చిన ఏడు చెరువుకు నీళ్లు, రాని ఏడు కరువు అని నమ్ముతారు. అందులో శాస్త్రం ఏమీ లేకపోలేదు, నీళ్లు లేని చెరువుకి చేపలు తినే పక్షి ఎందుకొస్తుంది? వాటి రెట్ట కలిసిన నీళ్లు పొలానికి పారితే ఎరువు ఖర్చు కలిసొస్తుందని రైతుల లెక్క.

మరి నిజంగా ధ్రువపు అంచుల నుంచి వచ్చేవి లేవా అంటే ఉన్నాయి. వాటినెవరూ ఫొటో తీయరు. పులికాట్ రోడ్డు పక్క బురద అంచున పిచ్చుకంత పిట్టలు గుంపుగా, కుట్టుమిషను సూదిలా ముక్కు ఆడిస్తూ పరుగులు తీస్తుంటాయి. లిటిల్ స్టింట్ అంటారు. పాతిక ముప్ఫై గ్రాములుంటుంది, మీ జేబులోని ఫోను అలాంటివి ఆరేడు తూగుతుంది. అది గుడ్లు పెట్టేది ఉత్తరాన చెట్టు కూడా మొలవని టండ్రాలో. అక్కడ చలి మొదలవగానే బయల్దేరి మన తీరానికి వస్తుంది. అక్టోబరుకి ఇక్కడ దిగే ఉంటుంది, ఫ్లెమింగోలా మిమ్మల్ని మోసం చేయదు. నెత్తి మీద తెల్లగా తిరిగే గోధుమరంగు తల గల్ పక్షులు లదాఖ్, టిబెట్ సరస్సుల వైపు నుంచి ఆ రోజుల్లోనే దిగుతుంటాయి. సూదిలాంటి తోకతో పిన్‌టెయిల్ బాతులు కూడా అప్పుడే మొదలవుతాయి. పాపకి ఈ స్టింట్ బొమ్మ ముందే చూపించి "దీన్ని నువ్వు పట్టుకో చూద్దాం" అనండి. పదేళ్ల పిల్లకి పెద్ద వింత చూపించడం కంటే, పెద్దవాళ్లెవరికీ ఆనని చిన్నదాన్ని తనే కనిపెట్టేలా చేయడం ఎక్కువ పనిచేస్తుంది.

ఇక దారి. పండగకి రెండు రోజుల ముందు బయల్దేరండి.

మొదటి రోజు గుంటూరు. తెల్లవారుజామున నాలుగున్నరకే కదిలితే పంతంగి టోల్‌గేటు దగ్గర నరకం తప్పుతుంది. మధ్యాహ్నం భోజనం అత్తగారింట్లో. సాయంత్రం నాలుగున్నరకి ఉప్పలపాడు, గుంటూరుకి పది కిలోమీటర్ల లోపే. అది అభయారణ్యం అనేంత హంగామా లేని ఊరి చెరువు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు (ఐబిస్‌లు), నీటికాకులు ఒకే చెట్టు మీద అంతస్తులు పంచుకుని ఉంటాయి. అక్కడికి ఉదయం కంటే సాయంత్రం వెళ్లడమే నాకిష్టం. మేతకి పోయినవన్నీ పొద్దు వాలే వేళకి వరసలు కట్టి దిగుతుంటే, కొమ్మ మీద చోటు కోసం జరిగే రభస చూసి తీరాలి. మీ మావగారిని వెంట తీసుకెళ్లండి. గుంటూరులో పుట్టి పెరిగి ఉప్పలపాడు చూడనివాళ్లు చాలామంది ఉన్నారు, ఆయనా వాళ్లలో ఒకరని పందెం కాస్తాను. చుట్టాలింటి నుంచి పిట్టల దగ్గరికి పోయేటప్పుడు ఆ ఇంటి మనిషిని ఒకరిని వెంటేసుకుంటే, అది వాళ్లని వదిలి పోవడం కాదు, వాళ్లతో పోవడం అవుతుంది. మీ ఆవిడ అడిగిన ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు అదే.

రెండో రోజు టిఫిను తిని నిదానంగా ఒంగోలు, నెల్లూరు మీదుగా నాయుడుపేట. ఆ రోజు పక్షులు వద్దు. నెల్లూరులో ఆగి మలై కాజా తీసుకోండి, పెద్దమ్మకు తీపి పెట్టొచ్చో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

మూడో రోజు దసరా, పులికాట్. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి సరస్సు మధ్యగా రోడ్డుంది. అటూ ఇటూ నీళ్లే. నాయుడుపేట నుంచి సూళ్లూరుపేట ముప్ఫై కిలోమీటర్ల చిల్లర, అంటే మీరు వెతుక్కునే హోటలు కంటే పెద్దమ్మ ఇల్లే పులికాట్‌కి సరైన విడిది. ఐదున్నరకి ఇంట్లోంచి కదలాలి. పండగ సెలవు కాబట్టి శ్రీహరికోట రాకెట్ కేంద్రం (షార్) ఉద్యోగుల బస్సుల తాకిడి తక్కువ ఉంటుంది. మీరు తూర్పుకి పోతారు కనుక వెళ్లేటప్పుడు ఎండ కళ్లలో కొడుతుంది. అప్పుడు ఎక్కువ ఆగకండి. దాదాపు చివరిదాకా పోయి వెనక్కి తిప్పండి, వెలుతురు మీ వెనక నుంచి పడి రంగులు తేలతాయి. భద్రతా సిబ్బంది ఉండే గేటు వైపు మాత్రం కెమెరా పెట్టకండి, డ్రోను సంగతి అసలే మరచిపోండి. పక్షుల్ని చూడటానికి కారు దిగి గట్టు దిగి దగ్గరికి పోతే లేచిపోతాయి. కారులోనే ఉండి అద్దం దించి చూస్తే కారుని అవి గేదెలాగే లెక్కపెడతాయి. వాహనాన్ని రోడ్డు వారగా, వెనక వచ్చేవాళ్లకి కనిపించేలా ఆపండి. నడిపే మనిషి నడపాలి, పిట్టని చూసే పని మిగతావాళ్లది.

గమనించారా, ఈ రోడ్డు మీద ఎవరూ నడవక్కర్లేదు.

పెద్దమ్మను తీసుకెళ్లండి. ముందు సీటు బాగా వెనక్కి జరిపి, మొదట ఆవిణ్ణి అటు తిరిగి కూర్చోబెట్టి, తర్వాత రెండు కాళ్లూ మెల్లగా లోపలికి తిప్పాలి. రోజూ చూసుకునే పెద్దమ్మ కొడుకూ కోడలికీ, అంటే మీ అన్నయ్యకీ వదినకీ ఆ కిటుకు తెలిసే ఉంటుంది. ఎడమ కిటికీలోంచి పోయేటప్పుడు ఉత్తరపు నీళ్లు, వచ్చేటప్పుడు దక్షిణపు నీళ్లు కనిపిస్తాయి. డాక్టరు ప్రయాణం వద్దన్నారా, ఎంతసేపు కూర్చోగలదు, ఇవన్నీ వదినని ముందే ఫోనులో అడగండి. పెద్దమ్మనైతే అందరి ముందూ అడగకండి. ఒంట్లో బాగాలేనివాళ్లు నలుగురిలో అడిగితే "నాకెందుకమ్మా, మీరెళ్లండి" అనేస్తారు. రాత్రి పడుకునే ముందు అమ్మ ఒక్కతే పక్కన కూర్చుని అడిగితే జవాబు వేరేగా ఉంటుంది. మధ్యలో బాత్రూము అవసరం పడుతుందనే బెంగే ఇలాంటివాళ్లని ఇంట్లో కట్టేస్తుంది. తొమ్మిదిన్నరకల్లా ఇంటికి తెచ్చేస్తామని చెప్పండి, చెప్పినట్టే తీసుకురండి. వెనక సీట్లో అమ్మ, మావయ్య, మధ్యలో పాప. కారు నిండిపోయింది. ఆ పూట మీ ఆవిడ ఇంట్లో ఉండాలి, అందుకు ఆవిడ ఒప్పుకోవాలి. ఒప్పుకోమని అడగడానికి మీ దగ్గర మరుసటి రోజు ఉండాలి.

ఆ మరుసటి రోజు నేలపట్టు. ఈసారి మీరు, మీ ఆవిడ, పాప, వదిన. వదినని నేను కావాలనే కలిపాను. మీ ఉత్తరంలో ఆవిడ ఊసే లేదు. ఏడాదిగా పెద్దమ్మ మంచం పక్కన నిలబడ్డది ఎవరనుకున్నారు? ఇప్పుడు మీరు ఐదుగురు పండగ పూట దిగుతున్నారు. ఆవిడకి ఒక్క ఉదయం చేతులు ఖాళీ చేయించగలిగితే ఏ చీర పెట్టినా దానికి సరిరాదు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం బయటి నుంచి తెప్పించండి, ఎవరేమన్నా వినకండి. నేలపట్టు చూసుకుని, ఓపికుంటే సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి కూడా వెళ్లి రండి. ఇంట్లో మిగిలేది ఎవరు? అమ్మ, మావయ్య, పెద్దమ్మ. పిల్లలూ కోడళ్లూ లేని ఇంట్లో ఆ ముగ్గురే ఒక పూట. మావయ్యకి కాఫీ పెట్టడం రాకపోతే ఇప్పుడు నేర్చుకుంటాడు.

నేలపట్టు దొరవారిసత్రం దగ్గర హైవే నుంచి కాస్త లోపలికి ఉంటుంది. 1976లో అభయారణ్యం చేశారు, నాలుగు వందల అరవై హెక్టార్ల దాకా ఉంటుంది. చెరువులో మునిగి నిలబడే కడప అనే జాతి చెట్ల నెత్తిన గూడబాతులు గూళ్లు కడతాయి. మీరు వెళ్లే నాటికి జతలు కట్టడం, పుల్లలు మోసుకురావడం దశలో ఉంటే అదృష్టం. కర్ర ముక్కున కరుచుకుని వచ్చే మగపక్షి, అది నచ్చక తీసి పక్కన పడేసే ఆడపక్షి కనిపించాయంటే మీ ఇద్దరికీ కూడా కాలక్షేపమే. గుడ్లు పొదిగి పిల్లలు బయటికొచ్చే చిత్రం చూడాలంటే ఇంకా కొన్ని వారాలు పడుతుంది. వానలు ఆలస్యమై చెరువు నిండకపోతే పక్షులు తక్కువుంటాయి. అందుకే బయల్దేరే ముందు వారం మీ అన్నయ్యని ఓసారి బైకు మీద వెళ్లి చెరువు చూసి ఫోను చేయమనండి. పండగ రోజుల్లో ఎప్పుడు తెరుస్తారో కూడా అక్కడి అటవీ సిబ్బందిని అడిగి వస్తాడు. ఇంటర్నెట్‌లో చూసిన పాత ఫొటోల కంటే ఆ ఒక్క ఫోను నయం.

పండగ నాడు పాలపిట్టని చూడాలని అమ్మ అంటుంది కదా. ఆ దారిలో కరెంటు తీగల మీద దొరుకుతుంది, పాపని తీగలు లెక్కపెట్టమనండి. కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఉండి, ఎగిరినప్పుడు నీలం విప్పుతుంది. ఊళ్లలో పంజరంలో పెట్టి డబ్బులు తీసుకుని చూపించేవాళ్లు ఎదురుపడితే మాత్రం పైసా ఇవ్వకండి. వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం, పైగా అలా పట్టిన పిట్ట మళ్లీ బతికి బట్టకట్టడం కష్టం. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. ఆంధ్రాకీ అదే ఉండేది, 2018లో వాళ్లు రామచిలుకకి మారారు. అమ్మకి ఈ సంగతి చెప్తే దసరా పిట్టని మార్చడమేమిటని కోప్పడుతుందేమో, జాగ్రత్త.

నాలుగో రోజు మధ్యాహ్నం నాయుడుపేటలో భోంచేసి గుంటూరు చేరండి, రాత్రి మళ్లీ అత్తగారింట్లోనే. అంటే రెండు రాత్రులు వాళ్లవి. ఈ లెక్క మీ ఆవిడకి ముందే చూపించండి, మిగతా ప్లాను ఆవిడే నడిపిస్తుంది. ఐదో రోజు హైదరాబాద్.

వాతావరణం మాట తేలిగ్గా తీసుకోవద్దు. అక్టోబరు, నవంబరు నెలలు ఆ తీరానికి తుపానుల కాలం. 2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద హైవే, రైలు మార్గం రెండూ తెగాయి, ఎక్కడి వాహనాలు అక్కడే నిలిచిపోయాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండంగా మారిందని వినబడితే గుంటూరులో ఆగిపోండి. నాయుడుపేట వారం తర్వాత వెళ్లినా పెద్దమ్మ అక్కడే ఉంటుంది. వదినకి వాన రాత్రి ఐదుగురి కోసం కంగారు పడే పని తప్పుతుంది.

సామాన్ల గురించి రెండే మాటలు. బైనాక్యులర్స్ కొంటే 8×42 కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. ఇరవై రెట్లు, ముప్ఫై రెట్లు అని అమ్మే బొమ్మలు పాప చేతిలో వణుకుతాయి, ఏమీ కనిపించదు. రెండోది, ఉదయాన టిఫిను గండం. ముందు రాత్రే ఫ్లాస్కులో టీ, డబ్బాలో అరటిపళ్లు, జంతికలు సర్దుకుని, "తొమ్మిదిన్నరకి వచ్చి తింటాం, ఆకలితో వస్తాం" అని ఇంటివాళ్లతో చెప్పండి. తినం అంటే బాధపడతారు, ఆకలితో వస్తాం అంటే సంతోషిస్తారు. నా ఒక్క దోసె నాకు నేర్పింది ఇదే.

ఇంకో సంగతి. గుంటూరులో మీ అత్తగారు గోంగూర పచ్చడి జాడీలు, ఎండుమిర్చి సంచి డిక్కీలో పెట్టబోతారు. తిరుగు ప్రయాణంలో తీసుకుంటామని చెప్పండి. వెళ్లేటప్పుడు డిక్కీ ఖాళీగా ఉండాలి, పెద్దమ్మకి చక్రాల కుర్చీ ఉంటే పులికాట్ రోజున అందులోనే పట్టాలి. మావయ్య ఎలాగూ అక్కగారి దగ్గర ఇంకో వారం ఉంటానంటాడు, అక్కడి నుంచే రైలెక్కిస్తారు. వచ్చేటప్పుడు ఆయన సీటులో మిర్చి సంచి పెట్టుకోవచ్చు, కాకపోతే పాప పక్కన కాకుండా చూసుకోండి, హైదరాబాద్ చేరేదాకా తుమ్ముతూనే ఉంటుంది.